వీధి వాకిలి మూసి దొడ్డిదారి తెరిచిన సామ్రాజ్యం

రష్యా చక్రవర్తి ఇంట్లో చనువు సంపాదించిన సైబీరియా రైతు రాస్‌పుటిన్ చావు కథ నేను చిన్నప్పుడు ఒక పత్రికలో చదివాను. విషం పెట్టినా చావలేదు, తుపాకీతో కాల్చినా లేచి పరిగెత్తాడు, గడ్డకట్టిన నదిలోకి తోస్తే గానీ ప్రాణం పోలేదు అని రాశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెద్దయ్యాక ఆ కథ ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ చివర్లో ఒకటే మాట: "ఆ ఒక్క మనిషి వల్ల మూడు వందల ఏళ్ల రాజవంశం మట్టిలో కలిసిపోయింది." వినేవాళ్లు తల ఊపేవారు. చెప్పే నాకూ ఏనాడూ అనుమానం రాలేదు.

రెండు తేదీలు పక్కపక్కన రాసుకున్న రోజున వచ్చింది అనుమానం. రాస్‌పుటిన్‌ని చంపింది 1916 డిసెంబర్ 16 అర్ధరాత్రి దాటాక, అంటే 17 తెల్లవారుజామున. జారు, అంటే రష్యా చక్రవర్తి, రెండో నికొలస్ సింహాసనం వదులుకుంది 1917 మార్చి 2న. ఇవి అప్పటి రష్యా పాత క్యాలెండర్ తేదీలు, మన లెక్కకి రావాలంటే 13 రోజులు కలుపుకోవాలి. రెండింటి మధ్య 75 రోజులు. ఏ మనిషి ఉండటం వల్ల రాజ్యం పాడవుతోందని అందరూ అన్నారో, ఆ మనిషిని తీసేశారు. తీసేసిన రెండున్నర నెలలకే రాజ్యం పోయింది. ఇన్నేళ్లూ ఈ లెక్క నేను ఎందుకు వేయలేదా అని సిగ్గుపడ్డాను. అప్పటినుంచి ఈ విషయం నన్ను వదలడం లేదు.

నాకు అర్థమైంది ఇది. సామ్రాజ్యాలు ఒక్క చెడ్డ మనిషి వల్ల కూలవు. మామూలు మనిషి గోడు వినే దారులన్నీ మూసేసిన రాజ్యంలో ఎవరో ఒకరు దొడ్డిదారి దగ్గర కాపలాదారుగా తయారవుతారు. రాజ్యం కూలాక తప్పంతా ఆ కాపలాదారు మీదకి తోసేస్తారు. తోసేవాళ్లలో చాలామంది వీధి వాకిలి మూసినవాళ్లే.

ముందు ఆయన్ని చంపినవాళ్లు ఎవరో చూడండి. విప్లవకారులు కాదు, ఆకలితో ఉన్నవాళ్లూ కాదు. ఫెలిక్స్ యూసుపోవ్ రష్యాలోకెల్లా సంపన్న కుటుంబాల్లో ఒకదానికి వారసుడు, జారు మేనకోడలి భర్త. ద్మీత్రీ పావ్లొవిచ్ జారుకి స్వయానా చిన్నాన్న కొడుకు. పురిష్కేవిచ్ రష్యా పార్లమెంటు డూమాలో రాచరికం కోసం గొంతు చించుకునే సభ్యుడు. వాళ్ల ఉద్దేశం సింహాసనాన్ని కూల్చడం కాదు, కాపాడటం. ఈ ఒక్కడూ పోతే రాణి నోరు మూతపడుతుంది, జారు కళ్లు తెరుస్తాడు, అంతా సర్దుకుంటుందని మనస్ఫూర్తిగా నమ్మారు. వార్త తెలిసిన రోజు రాజధాని పెట్రోగ్రాడ్‌లో పెద్దింటివాళ్లు సంబరాలు చేసుకున్నారు.

సర్దుకుందా? రాస్‌పుటిన్ పోయిన పది రోజులకి జారు కొత్త ప్రధానిని నియమించాడు. పేరు ప్రిన్స్ గొలీత్సిన్. ముసలివాడిని, ఈ పని నా వల్ల కాదు, నన్ను వదిలేయమని ఆయన జారుని బతిమాలుకున్నాడు. వదల్లేదు. గోరెమీకిన్, ష్ట్యూర్మర్, త్రేపోవ్, ఇప్పుడు ఈయన: 1916 జనవరి నుంచి ఏడాదిలోనే ప్రధాని కుర్చీ చేతులు మారి మారి నాలుగో మనిషికి వచ్చింది. ఆ నాలుగో నియామకానికి రాస్‌పుటిన్ బాధ్యుడని ఎవరూ అనలేరు. అప్పటికి ఆయన సమాధిలో ఉన్నాడు.

విషం కథ కూడా యూసుపోవ్ తర్వాత రోజుల్లో రాసుకున్నదే. శవపరీక్షలో తేలింది తుపాకీ గాయాలు, అందులో ఒకటి నుదుటి మీద. దయ్యాన్ని చంపామంటే వీరులవుతారు. పిలిచి ఇంట్లో కూర్చోబెట్టిన అతిథిని కాల్చామంటే ఏమవుతారు? అందుకే ఆ చావు పుస్తకం పుస్తకానికీ పెద్దదవుతూ వచ్చింది. నేను చిన్నప్పుడు నిద్రపోకుండా భయపడింది హంతకుడు అల్లిన కథకే.

ఇప్పుడు ఆ దొడ్డిదారి దగ్గరికి వెళ్దాం. అది నిజంగానే ఉంది: పెట్రోగ్రాడ్‌లో గొరోహొవాయా వీధి, 64వ నంబరు ఇల్లు. రాస్‌పుటిన్ చివరి ఏళ్లలో ఉన్న ఫ్లాట్ అక్కడిదే. పొద్దున్నే మెట్ల మీద జనం బారులు తీరేవారు. కొడుకుని మొదటి ప్రపంచ యుద్ధ రంగం నుంచి వెనక్కి తెప్పించమనే తల్లి, భర్తని జైలు నుంచి విడిపించమనే భార్య, కాంట్రాక్టు కోసం వచ్చిన వ్యాపారి, బదిలీ కోసం వచ్చిన గుమాస్తా. అదే మెట్ల మీద రహస్య పోలీసులు కూడా కూర్చునేవారు. ఆయనకి కాపలా వాళ్లే, ఆయన మీద నిఘా వాళ్లే. ఎవరు వచ్చారు, ఎంతసేపున్నారు, ఏం తెచ్చారు, వెళ్లేటప్పుడు ముఖం ఎలా ఉంది, అన్నీ రాసుకునేవారు.

లోపలికి వెళ్లినవాళ్లకి ఒక చీటీ దొరికేది. రాస్‌పుటిన్‌కి చదువు అంతంత మాత్రం. కోడి కెలికినట్టు ఉండే అక్షరాలతో పైన ఒక శిలువ గుర్తు, కింద ఒక వాక్యం: ప్రియమైనవాడా, ఈ పని చేసి పెట్టు. ఎవరి పేరూ ఉండదు. ఏ మంత్రి దగ్గరికైనా పట్టుకెళ్లవచ్చు. కొందరు మంత్రులు చించి పారేశారు, కొందరు వెంటనే పని చేసి పెట్టారు.

ఆ మెట్ల గురించి చదివినప్పుడల్లా నాకు ఒకటే ప్రశ్న. తన కొడుకు గురించి అడగడానికి ఒక తల్లి సైబీరియా రైతు ఇంటి మెట్లెక్కి ఎందుకు నిలబడాలి? నిలబడటానికి ఆమెకి ఇంకో గుమ్మం లేదు. మంత్రులు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు, ఒక్క జారుకి తప్ప. డూమా వాళ్లని ప్రశ్నించవచ్చు గానీ దించలేదు. జారు 1897 జనాభా లెక్కల కాగితంలో వృత్తి అన్నచోట "రష్యా నేలకి యజమాని" అని స్వయంగా రాసుకున్నవాడు. యజమానిని కలవాలంటే ఆయన ఇంట్లోకి వెళ్లివచ్చే మనిషిని పట్టుకోవాలి. గొరోహొవాయా మెట్ల మీది క్యూ ఆ రాజ్యాంగంలోంచి పుట్టింది.

అసలు వీధి వాకిలి ఎప్పుడు మూతపడిందో కూడా తేదీతో సహా చెప్పవచ్చు. 1905 జనవరి 9, ఆదివారం. గపోన్ అనే మతగురువు వెనకాల వేలమంది కార్మికులు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో (పెట్రోగ్రాడ్ పాత పేరు) జారు భవనం వింటర్ ప్యాలెస్ వైపు నడిచారు. చేతుల్లో దేవుడి పటాలు, జారు పటాలు. వాళ్లు తెచ్చిన అర్జీ మీద లక్షమందికి పైగా సంతకాలు ఉన్నాయి. ఎనిమిది గంటల పని, బతకడానికి సరిపడా కూలి, ప్రజలు ఎన్నుకునే సభ అడిగారు. అర్జీ భాష తండ్రిని పిల్లలు వేడుకునే భాష. నీ దగ్గరికి న్యాయం కోసం, రక్షణ కోసం వచ్చాం, నువ్వు వినకపోతే నీ భవనం ముందు ఇక్కడే చచ్చిపోతాం అని ఉంది. జారు ఆ రోజు ఊళ్లోనే లేడు. సైనికులు కాల్చారు. అధికారుల లెక్కలోనే 130 మంది చనిపోయారు. వాళ్లు మోసుకెళ్తున్న పటాలకీ గుళ్లు తగిలాయి.

అదే ఏడాది నవంబర్ 1న జారు తన డైరీలో ఒక మాట రాసుకున్నాడు: తొబోల్స్క్ నుంచి వచ్చిన గ్రిగోరీ అనే దైవజనుడితో పరిచయమైందని. ఆ గ్రిగోరీయే రాస్‌పుటిన్.

ఈ రెండు తేదీలు ఒకే ఏడాదిలో పడటం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు. జనవరిలో లక్ష సంతకాలతో వీధి వాకిలికి వచ్చిన జనానికి తుపాకులు ఎదురొచ్చాయి. నవంబర్‌లో ఒక్క రైతు ప్రార్థనలతో దొడ్డిదారిన లోపలికి వెళ్లాడు. జారుకి, రాణికి ఆ ఒక్కడిలోనే "నిజమైన రష్యా ప్రజ" కనిపించింది. ప్రజల మాట వినడం లేదని ఎవరైనా అంటే, మాకు ప్రజలు తెలుసు, మా దగ్గర ఒక రైతు ఉన్నాడు అనుకోగలిగే ధీమా వచ్చేసింది. రాస్‌పుటిన్ చేసిన అసలు హాని ఇదే అని నా నమ్మకం. ఇందులో కూడా ఆయన తప్పెంత, ఆయన్ని అలా వాడుకున్నవాళ్ల తప్పెంత అన్నది ఆలోచించాలి.

గపోన్ సంగతి కూడా చెప్పాలి. ఆయన సంఘం పోలీసుల అనుమతితో నడిచింది, వాళ్లతో ఆయనకి సంబంధాలుండేవి. కాల్పుల తర్వాత దేశం దాటాడు, తిరిగొచ్చి మళ్లీ పోలీసులతో మాట్లాడాడు. 1906లో విప్లవకారులే ద్రోహి అని ఉరి తీశారు. ప్రభుత్వానికి తిరుగుబాటుదారుడు, తిరుగుబాటుదారులకి ప్రభుత్వ మనిషి. రెండు వైపులా చీకొట్టించుకున్న ఆ మనిషిని నేను సమర్థించలేను. కానీ ఆ ఆదివారం ఆయన వెనక నడిచినవాళ్లు ఏం అడిగారో చదివాక, గపోన్ మంచివాడా చెడ్డవాడా అన్న చర్చ ఎంత చిన్నదో తెలుస్తుంది. నాయకుడి గుణం గురించి వందేళ్లు మాట్లాడుకుని, అర్జీలో ఉన్న ఎనిమిది గంటల పని సంగతి మర్చిపోయాం.

ఆ ఏడాది సమ్మెలకి భయపడి అక్టోబర్‌లో జారు హక్కుల ప్రకటన చేశాడు, డూమా ఇచ్చాడు. ఇచ్చిన మొదటి డూమాని రెండున్నర నెలలు కూడా నిండకుండా రద్దు చేశాడు. రెండోదాన్నీ నాలుగు నెలలు నిండకుండానే. 1907లో ఎన్నికల చట్టాన్నే మార్చి భూస్వాములకి బలం పెంచారు. తలుపు ఓరగా తెరిచి మళ్లీ గడియ పెట్టారు.

ఇక దొడ్డిదారి ఎందుకు అంత బలపడింది? దీనికి జవాబు ఒక పిల్లవాడి మంచం దగ్గర ఉంది. 1904లో పుట్టిన యువరాజు అలెక్సీకి రక్తం గడ్డకట్టని జబ్బు, హిమోఫీలియా. 1912 శరదృతువులో పోలండ్‌లోని స్పాలా విడిదిలో లోపల రక్తస్రావమై పిల్లవాడు రోజుల తరబడి కేకలు పెట్టాడు. డాక్టర్లు ఆశ వదిలేశారు, చివరి మతకర్మలు కూడా చేశారు. తల్లి సైబీరియాకి కబురు పంపింది. తిరుగు టెలిగ్రామ్ వచ్చింది: పిల్లవాడు చనిపోడు, డాక్టర్లు మరీ ఎక్కువ ఇబ్బంది పెట్టకుండా చూడండి. ఒకటి రెండు రోజుల్లో రక్తం ఆగింది. ఎలా ఆగిందన్నది వైద్యులు వాదించుకోవచ్చు. పది రోజులు మంచం పక్కన నిద్ర లేకుండా కూర్చున్న తల్లికి ఆ వాదనలు అక్కర్లేదు. ఆ టెలిగ్రామ్ పంపిన మనిషి గురించి ఆ తర్వాత ఎవరు ఏం చెప్పినా ఆమె చెవికెక్కలేదు. ఆమె చోట ఏ తల్లి ఉన్నా అంతే అనుకుంటాను.

తప్పు ఆ తల్లి నమ్మకంలో లేదు, జబ్బుని రాజ్య రహస్యం చేయడంలో ఉంది. వారసుడికి ఏమైందో ప్రజలకి చెప్పలేదు. రైతు ఒకడు రాణి దగ్గరికి వేళాపాళా లేకుండా వెళ్లివస్తున్నాడని మాత్రం అందరికీ తెలిసింది. కారణం చెప్పకపోతే జనం తమకి తోచిన కారణం పెట్టుకుంటారు. అతి నీచమైన కారణమే పెట్టుకున్నారు.

రాస్‌పుటిన్ లేకపోతే ఆ చోటు ఖాళీగా ఉండేదా? ఉండేది కాదు, ఎందుకంటే ఆయనకి ముందే ఆ చోట్లో ఇంకొకడు కూర్చున్నాడు. ఫ్రాన్స్‌లోని లియోన్ నుంచి వచ్చిన ఫిలిప్ అనే వైద్యం చేసే మనిషి. మగపిల్లవాడు పుడతాడని అతను చెప్పిన మాట నమ్మి 1902లో రాణి తాను గర్భవతినని అనుకుంది, నెలలు గడిచాక అది నిజం కాదని తేలింది. అతను వెళ్లిపోయిన మూడు నాలుగేళ్లకి రాస్‌పుటిన్ వచ్చాడు. కుర్చీ ముందు నుంచీ ఉంది, మనిషి మారాడు.

ఇదంతా రాస్‌పుటిన్‌కి తెల్లసున్నం కొట్టడానికి కాదు. గొరోహొవాయా ఇంటికి సాయం కోసం వచ్చిన ఆడవాళ్లలో కొందరిపై లోపలి గదిలో ఆయన చేసిన అఘాయిత్యాలు పోలీసుల రాతల్లోనే ఉన్నాయి. ఏడుస్తూ మెట్లు దిగిన ఆ స్త్రీల సంగతి చదివాక ఆయన మీద జాలి పడటం నా వల్ల కాదు. డబ్బు చేతులు మారింది. 1915లో జారు సేనాధిపత్యం తానే తీసుకుని సైన్యం ప్రధాన కేంద్రమైన మొగిల్యోవ్‌కి వెళ్లాక, "మన మిత్రుడు ఇలా అంటున్నాడు" అని రాణి రాసిన ఉత్తరాలు మంత్రుల తలరాతలు మార్చాయి. ఇవన్నీ నిజాలే.

కానీ ఈ నిజాల పక్కన ఇంకో రెండు పెట్టి చూడాలి. 1914లో యుద్ధం వద్దు, రష్యా రక్తంలో మునిగిపోతుందని రాస్‌పుటిన్ జారుకి రాశాడు. ఆ రాతలు రాసింది కత్తిపోటు తిని ఆసుపత్రిలో పడుకుని. జారు వినలేదు. 1915 అక్టోబర్‌లో రాణి ఉత్తరంలో ఆయన సలహా ఇంకొకటి ఉంది: మూడు రోజుల పాటు పిండి, వెన్న, పంచదార తెచ్చే రైలు పెట్టెల్ని మాత్రమే రాజధానికి వదలమని. తిండి కొరత పీకల మీదికి తెస్తుందని ఆ రైతుకి విప్లవానికి పదహారు నెలల ముందే తోచింది. ఆయన మాట జారు దగ్గర చెల్లింది జారుకి ముందే ఇష్టమైన చోట. యుద్ధం మానడం జారుకి ఇష్టం లేదు, అక్కడ ఆయన మాట చెల్లలేదు. అలాంటప్పుడు రష్యాని నడిపింది రాస్‌పుటిన్ అని ఎలా అంటాం?

పుకార్ల సంగతి మాత్రం వేరు. అవి నిజంగానే రాజ్యం పునాది తవ్వాయి. జారు సెయింట్ జార్జి పతకం పెట్టుకున్న దృశ్యం సినిమాహాల్లో తెర మీద వస్తే, చీకట్లోంచి ఎవరో "జారు జార్జితో, జారీనా గ్రిగోరీతో" అని అరిచేవారట. జారీనా అంటే రాణి. హాలంతా నవ్వు. దేవుడి తర్వాత దేవుడు అనుకున్న మనిషి మీద చీకట్లో నవ్వగలిగినప్పుడు భయం సగం పోయినట్టే. సైనికులు కూడా ఇవే మాటలు చిలవలు పలవలుగా కందకాల్లోకి మోసుకెళ్లారు. రాణి జర్మన్, గూఢచారి, యుద్ధ రహస్యాలు జర్మనీ చక్రవర్తి కైజర్‌కి పంపుతోంది, అందుకే మనవాళ్లు చస్తున్నారు అని.

1916 నవంబర్ 1న డూమాలో ప్రతిపక్ష నాయకుడు మిల్యుకోవ్ ప్రభుత్వ వైఫల్యాలు ఒక్కొక్కటీ చెప్పి, ప్రతిదాని తర్వాత "ఇది తెలివితక్కువతనమా, ద్రోహమా?" అని అడిగాడు. పత్రికల్లో ఆ ప్రసంగం ఉండాల్సిన చోట తెల్ల కాలమ్‌లు వచ్చాయి. చేతిరాత ప్రతులు, టైపు ప్రతులు దేశమంతా తిరిగాయి. ద్రోహానికి మిల్యుకోవ్ దగ్గర రుజువు లేదు. ఆయన చరిత్రకారుడు, రుజువంటే ఏంటో తెలిసినవాడు. నాకు ఆ ప్రసంగం మీద గౌరవం పోయింది అందుకే. తెలివితక్కువతనం అని మాత్రమే అని ఉంటే నిజం చెప్పినట్టయ్యేది. మరుసటి ఏడాది, జారు దిగిపోయాక వచ్చిన తాత్కాలిక ప్రభుత్వం ప్రత్యేక విచారణ కమిషన్ వేసి నెలల తరబడి వెతికింది. పాత మంత్రుల్ని కోటలో కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగింది. కవి బ్లోక్ ఆ వాంగ్మూలాలకి సంపాదకుడిగా పనిచేశాడు. రాణి చేసిన ద్రోహం ఎక్కడా దొరకలేదు. రాణి, ఆమె పెద్ద కూతుళ్లు ఇద్దరూ యుద్ధకాలంలో నర్సులుగా గాయాలు కడిగారు. ఆ పనికి కూడా రాణి స్థాయికి తగదని తిట్లే దక్కాయి.

పరాయి దేశం నుంచి వచ్చిన భార్య మీద కోపం తీర్చుకోవడం రష్యాతో మొదలవలేదు. ఫ్రాన్స్‌లో మరీ ఆంత్వానెత్‌ని "ఆస్ట్రియా ఆడది" అన్నారు, "లోటు రాణి" అన్నారు. 1785 నాటి వజ్రాల హారం మోసంలో ఆమె చెయ్యే లేదు, ఆమె పేరు వాడుకుని ఒక కార్డినల్‌ని వేరేవాళ్లు మోసం చేశారు. అయినా జనం ఆమే కొనిపించుకుందని నమ్మారు. విప్లవం ముందు ఏడాది ఖజానా లెక్కల్లో రాజు ఆస్థానం ఖర్చు వందకి ఆరో ఏడో పాళ్లు. పాత అప్పుల మీద కట్టేది దాదాపు సగం. ఆ అప్పుల్లో పెద్ద భాగం యుద్ధాలవి. ప్రభువులూ మతాధికారులూ పన్ను తగినంత కట్టకపోవడం ఇంకో కారణం. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, కట్టని పన్నుల కోపం కట్టుకున్న నగల మీద పడింది. నగలు కంటికి కనిపిస్తాయి, వడ్డీ కనిపించదు.

మనకి దగ్గరి కథ అళియ రామరాయలది. 1565 జనవరి 23న యుద్ధరంగంలో ఆయన తల తెగింది, విజయనగరం దోపిడీకి గురైంది. ముసలివయసులో ఆయన పొగరు పుట్టి ముంచిందని, ఆయన సైన్యంలోని సేనాపతులు గిలానీ సోదరులు ద్రోహం చేశారని రెండు ముక్కల్లో తేల్చేయడం మనకి అలవాటు. రామరాయల తప్పులు నేను కాదనను. అసలు రాజు సదాశివరాయలుని పేరుకి మాత్రం ఉంచి రెండు దశాబ్దాలు తానే ఏలాడు, ముఖ్యమైన పదవుల్లో తన వాళ్లని నింపాడు, ఒక సుల్తాన్ మీదకి ఇంకో సుల్తాన్‌ని ఎగదోశాడు. చివరికి వాళ్లంతా ఒకటయ్యారు. కానీ ఆయన తల ఈటె మీద కనపడగానే అంత పెద్ద సైన్యం ఎందుకు చెదిరింది? రాజధానిని కాపాడటానికి ఒక్కరోజైనా ఎందుకు నిలబడలేదు? అధికారం మొత్తం ఒక్క తల మీద ఆనించి కట్టిన రాజ్యం అది. పైగా సామ్రాజ్యం ఆ రోజుతో ముగిసిపోలేదు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు పెనుగొండ చేరాడు, వాళ్ల వంశం అరవీటివారు చంద్రగిరి, వేలూరుల నుంచి 1646 దాకా ఏదో ఒక రూపంలో ఏలారు. ఎనభై ఏళ్ల సుదీర్ఘమైన క్షీణతని మనం ఒక మధ్యాహ్నానికి, ఒక మనిషికి కుదించేశాం. ఆ ఎనభై ఏళ్లలో నాయకులు ఎందుకు ఒక్కొక్కరే విడిపోయారన్న ప్రశ్న అడగడమే మానేశాం.

తిరిగి పెట్రోగ్రాడ్‌కి. నేను చెప్పాల్సిన రెండో క్యూ అక్కడే ఉంది.

యుద్ధానికి రష్యా కోటిన్నర మంది దాకా మగవాళ్లని సైన్యంలోకి లాగింది. పొలాల్లో, ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లు మిగిలారు. ధాన్యం దేశంలో లేక కాదు కరువొచ్చింది. ప్రభుత్వం పెట్టిన ధరకి అమ్మితే వచ్చే నోట్లతో కొనడానికి ఊళ్లో మేకులు కూడా దొరక్క రైతులు ధాన్యం దాచుకున్నారు. రైళ్లు సైన్యానికే చాలలేదు, ఇంజన్లు చలికి, మరమ్మతు లేక ఆగిపోయాయి. యుద్ధం మొదట్లో వోద్కా అమ్మకం నిషేధించడంతో ఖజానాకి పెద్ద ఆదాయం పోయింది, నోట్లు అచ్చేశారు, ధరలు నాలుగింతలయ్యాయి. ఫ్యాక్టరీలో పది గంటలు చేసిన మనిషి చీకటితోనే రొట్టె దుకాణం ముందు మంచులో నిలబడేది. తలుపు తీసేసరికి రొట్టె అయిపోయిందనే మాట వినేది. 1917 మొదట్లో పనిచేసే ఆడమనిషికి వారంలో నలభై గంటలు క్యూల్లోనే పోయేవని చరిత్రకారుల అంచనా. రహస్య పోలీసులు ఆ జనవరిలో పైకి పంపిన ఒక నివేదికలో ఈ తల్లుల గురించి రాశారు. క్యూల్లో అలిసిపోయి, ఆకలితో జబ్బుపడ్డ పిల్లల్ని చూసి కుమిలిపోతున్న వీళ్లు మిల్యుకోవ్ లాంటివాళ్ల కంటే విప్లవానికి దగ్గరగా ఉన్నారని, వాళ్లకంటే ప్రమాదమని. పోలీసుకి అర్థమైంది. పైవాళ్లు చదివి పక్కన పెట్టారు.

ఫిబ్రవరి 23 మహిళా దినం. వైబర్గ్ ప్రాంతంలో బట్టల మిల్లుల ఆడవాళ్లు పని ఆపి వీధిలోకి వచ్చారు. పక్కనున్న నోబెల్ ఇనుప ఫ్యాక్టరీ ముందు గుంపుగా నిలబడి, మంచు ముద్దలు కిటికీల మీదకి విసిరి, బయటికి రండి, పని ఆపండి అని కేకలు వేశారు. మగవాళ్లు బయటికి వచ్చారు. మూడో రోజుకి సమ్మెలో ఉన్నవాళ్లు రెండు లక్షలు దాటారు. మొగిల్యోవ్ నుంచి జారు ఇచ్చిన జవాబు ఒక టెలిగ్రామ్: రాజధానిలో అల్లర్లు రేపటికల్లా ఆపండి. మర్నాడు కాల్చారు. కాల్చినవాళ్లలో వొలీన్‌స్కీ రెజిమెంట్ వాళ్లు ఉన్నారు. ఆ రాత్రి బ్యారక్‌లో వాళ్లకి నిద్ర లేదు. సార్జెంట్ కిర్పిచ్నికోవ్, అతని సహచరులు కూర్చుని మాట్లాడుకుని, ఇక జనం మీద కాల్చం అని తేల్చుకున్నారు. 27 పొద్దున వరుసలో నిలబడ్డ సైనికులు ఆఫీసర్ మాట వినలేదు. ఆఫీసర్ ప్రాణాలు పోయాయి, సైనికులు తుపాకులతో పక్క రెజిమెంట్ల దగ్గరికి పరిగెత్తారు. సాయంత్రానికి ఊరు చేజారిపోయింది.

జారుని దిగిపొమ్మన్నది కూడా విప్లవకారులు కాదు. మార్చి 2న ప్స్కోవ్ స్టేషన్‌లో ఆగిన రైల్లో ఆయన ముందు పెట్టినవి సొంత సేనాధిపతుల టెలిగ్రాములు. దిగిపోవడమే మంచిదని అన్నిటిలో ఒకే మాట. ఆ రాత్రి డైరీలో, చుట్టూ ద్రోహం, పిరికితనం, మోసం అని రాసుకున్నాడు. క్యూల సంగతి ఆ వాక్యంలో లేదు.

మార్చిలోనే కొందరు సైనికులు జారు కుటుంబం ఉండే త్సార్‌స్కొయె సెలోలో రాస్‌పుటిన్ సమాధి తవ్వారు. శవపేటికని పెట్రోగ్రాడ్ వైపు తీసుకెళ్లి కట్టెలు పేర్చి కాల్చేశారు. శవం దొరికితే జనం పూజిస్తారేమోనని, లేదా గొడవలవుతాయేమోనని కొత్త ప్రభుత్వానికి భయం. ఆ నెల చివర్లో ఆ ప్రభుత్వమే ధాన్యమంతా తనకే అమ్మాలని చట్టం చేసింది. యుద్ధం ఆపలేదు, భూమి పంచలేదు, రైళ్లు బాగుపడలేదు. గొరోహొవాయా 64 మెట్లు ఖాళీ అయ్యాయి. రొట్టె దుకాణాల ముందు అదే ఆడవాళ్లు అదే మంచులో నిలబడే ఉన్నారు.